సంక్రాంతి సెలవుల్లో అండమాన్: రూము, ఫెర్రీ, మొదటిసారి స్కూబా. కాస్త సలహా ఇవ్వండి

బెజవాడ_బాటసారి
2024 అక్టోబర్ 12, రాత్రి 9:41

అందరికీ నమస్కారం. చాలాకాలంగా ఇక్కడ చదవడమే తప్ప రాయడం ఇదే మొదలు.

సంక్రాంతికి అండమాన్ వెళ్తున్నాం. నేను (43), మా ఆవిడ, బాబు (11), మా అమ్మ (66). అమ్మకు మోకాళ్ల నొప్పులు. హైదరాబాద్ నుంచి ఫ్లైట్ టికెట్లు తీసేశాను. జనవరి 11 ఉదయం వెళ్లడం, 16 మధ్యాహ్నం 2 గంటలకు తిరుగు ప్రయాణం. మిగతాదంతా ట్రావెల్ ఏజెంట్ ఇలా వేసిచ్చాడు:

11: దిగిన వెంటనే మధ్యాహ్నం ఫెర్రీలో హేవ్‌లాక్
12: ఎలిఫెంట్ బీచ్, రాధానగర్
13: నీల్ ద్వీపం
14: పోర్ట్‌బ్లెయిర్, సెల్యులార్ జైలు
15: బారాటాంగ్ గుహలు
16: ఉదయం నార్త్ బేలో స్కూబా, అట్నుంచి అటే ఎయిర్‌పోర్టు

నాకు బందరు కాలవలో నేర్చుకున్న ఈత వచ్చు. మా ఆవిడకి, బాబుకి రాదు. ఈత రానివాళ్లు కూడా స్కూబా (వీపుకి గాలి ట్యాంకు కట్టుకుని నీటి అడుగుకి దిగడం) చేయొచ్చంటున్నారు, నిజమేనా? హేవ్‌లాక్‌లో రూము ఎక్కడ తీసుకుంటే మంచిది? ప్లాన్‌లో ఏమైనా మార్చాలా?

పలాస_జీడిపప్పు
అక్టోబర్ 12, రాత్రి 10:05

16 ఉదయం స్కూబా, మధ్యాహ్నం ఫ్లైటా! ఆ ఏజెంటు పేరు ఇక్కడ రాయొద్దు గానీ, ఆయన జన్మలో నీళ్లలో దిగినట్టు లేడు. ఆ కాగితం చించేయండి.

బెజవాడ_బాటసారి
అక్టోబర్ 12, రాత్రి 10:19

అదేంటండీ, ఆయన్ని అడిగితే "ఇరవై అడుగుల లోతే సార్, ఏం కాదు, అందరూ చేస్తున్నారు" అన్నాడు. తప్పేంటో కొంచెం చెప్పరా?

నీటికింద_నేను
అక్టోబర్ 13, ఉదయం 6:30

మాది భీమిలి. హేవ్‌లాక్‌లో ఆరు సీజన్లుగా డైవింగ్ నేర్పిస్తున్నాను. ఏ షాపో చెప్పను, ప్రచారం చేసుకుంటున్నాడని అడ్మిన్ గారు తిడతారు.

గోలీసోడా చూశారుగా. గోలీ బిగిసి ఉన్నంతసేపు లోపల నీళ్లు మామూలుగానే కనిపిస్తాయి. గోలీ కొట్టగానే బుస్సున బుడగలు లేస్తాయి. నీటి అడుగున మనం పీల్చేది ఒత్తిడిలో ఉన్న మామూలు గాలే. అందులోని నైట్రోజన్ కొంత రక్తంలో, కండరాల్లో కరుగుతుంది. పైకి వచ్చాక ఊపిరితో పాటు నెమ్మదిగా బయటికి పోతుంది, దానికి టైం పడుతుంది. ఆలోపు విమానం ఎక్కితే, క్యాబిన్‌లో గాలి ఒత్తిడి నేల మీద కంటే తక్కువ కదా, గోలీ కొట్టినట్టే. అందుకే ఒక్క డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, ఒకటికి మించి చేస్తే కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదన్నది డైవింగ్‌లో అందరూ పాటించే లెక్క. ఇరవై అడుగులకి, పావుగంటకి ప్రమాదం చాలా తక్కువే, ఒప్పుకుంటాను. కానీ పదకొండేళ్ల పిల్లాణ్ణి పెట్టుకుని ఆ తక్కువలో మనం ఉన్నామో లేదో చూసుకోవడం ఎందుకు?

స్కూబా 13న హేవ్‌లాక్‌లో పెట్టుకోండి, తిరుగు ఫ్లైట్‌కి మూడు రోజులు దొరుకుతాయి. ఆ రోజు వాతావరణం బాగోకపోయినా మర్నాడు ప్రయత్నించొచ్చు.

ఈత సంగతి: సర్టిఫికెట్ లేకుండా మొదటిసారి చేసే దాన్ని మేము డీఎస్‌డీ అంటాం. దానికి ఈత అక్కర్లేదు. పదేళ్లు నిండితే చాలు కాబట్టి మీ బాబుకి ఇబ్బంది లేదు. గరిష్ఠంగా 12 మీటర్లు, కానీ మొదటిసారి వాళ్లని మేము చాలావరకు 5 నుంచి 8 మీటర్లలోనే తిప్పుతాం. మూడు నాలుగు రోజుల ఓపెన్ వాటర్ కోర్సు వేరు. దానికి 200 మీటర్లు ఈది, పది నిమిషాలు తేలి చూపించాలి. మీకున్న టైంలో అది కుదరదు.

వైజాగ్_వాసి_77
అక్టోబర్ 13, ఉదయం 8:12

అంత ఖర్చు పెట్టి అక్కడికెందుకండీ, మా రుషికొండలోనే స్కూబా ఉందిగా.

నీటికింద_నేను
అక్టోబర్ 13, ఉదయం 8:40

అన్నా, నేను మొదట మునిగిందే రుషికొండలో. ఊరి మీద ప్రేమ నాకూ ఉంది. కానీ మన తీరంలో ఇసుక, ఒండ్రు ఎక్కువ. మంచి రోజు చూసుకుని దిగితే బాగుంటుంది, లేకపోతే పక్కన ఉన్న మనిషి కూడా మసగ్గానే కనిపిస్తాడు. ఇక్కడ జనవరిలో నీళ్లు అద్దంలా ఉంటాయి, పగడపు దిబ్బ ఒడ్డు నుంచే మొదలవుతుంది. రెండింటికీ పోలిక పెట్టకు.

అబర్డీన్_బజార్
అక్టోబర్ 13, మధ్యాహ్నం 1:15

పోర్ట్‌బ్లెయిర్ నుంచి రాస్తున్నాను. మా తాతగారు శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. ఇక్కడ తెలుగువాళ్లం చాలామందిమే ఉన్నాం, బజారులో తెలుగులో మాట్లాడితే ఎవరో ఒకరు తల తిప్పుతారు, భయపడకండి. ముందు పేర్ల గొడవ చెప్పేస్తాను. పోయిన నెలే పోర్ట్‌బ్లెయిర్ పేరు శ్రీవిజయపురం అని మార్చారు. హేవ్‌లాక్ 2018 నుంచి స్వరాజ్ ద్వీప్, నీల్ షహీద్ ద్వీప్. టికెట్ మీద ఏ పేరు కనిపించినా కంగారు పడకండి, అదే ఊరు.

మీ ప్లాన్‌లో నాకు మొదట గుచ్చుకున్నది స్కూబా కాదు, 11వ తేదీ. ఫ్లైట్ దిగిన రోజే ఫెర్రీ పెట్టుకోవడం జూదం. ఫ్లైట్ రెండు గంటలు లేటైతే ఫెర్రీ మీ కోసం ఆగదు. సంక్రాంతి సీజన్‌లో మర్నాటి ఫెర్రీలో నలుగురికి సీట్లు దొరకడం కష్టం. మొదటి రాత్రి ఇక్కడే ఉండండి. మధ్యాహ్నం పడుకుని లేచి సెల్యులార్ జైలు చూసుకోండి, సాయంత్రం అక్కడే లైట్ అండ్ సౌండ్ షో ఉంటుంది. అబర్డీన్ బజార్ చుట్టుపక్కల లాడ్జి తీసుకుంటే జైలు దగ్గరే, ఆటోకి పెద్దగా అవదు.

ఫెర్రీలు రెండు రకాలు. ప్రైవేటువి హడ్డో జెట్టీ నుంచి, ప్రభుత్వానివి ఫీనిక్స్ బే నుంచి. పొద్దున్నే ఆరింటికి తప్పు జెట్టీకి వెళ్లి లబోదిబోమనేవాళ్లని ప్రతి సీజన్‌లోనూ చూస్తాం, టికెట్ మీద రాసింది చదువుకోండి. ప్రైవేటు ఏసీ బోటులో హేవ్‌లాక్‌కి గంటన్నర. ప్రభుత్వ బోటు చవక, కానీ రెండున్నర గంటల దాకా పడుతుంది, సీట్లు ముందు ద్వీపవాసులకే. మీకు అమ్మగారున్నారు కాబట్టి ప్రైవేటుదే తీసుకోండి. ప్రభుత్వ బోటులో ఒక్క సుఖం ఏమిటంటే బయట డెక్ మీద గాలికి నిలబడొచ్చు. ఏసీ బోటులో తలుపులేసి కూర్చోబెడతారు, కడుపులో తిప్పేవాళ్లకి అదే నరకం. ఎక్కడానికి గంట ముందు ఏవోమిన్ వేసుకోండి. గంట ముందే జెట్టీలో ఉండాలి, ఆధార్ అసలు కార్డు చేతిలో ఉండాలి.

బారాటాంగ్ తీసేయండి. తెల్లవారుజామున మూడింటికి బయల్దేరాలి. జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దగ్గర కాన్వాయ్ కోసం ఆగాలి, ఆ తర్వాత అడవి దారి, పెద్ద బోటు, చిన్న బోటు, చివర్లో గుహ దాకా నడక. మోకాళ్ల నొప్పులున్న మనిషికి అది తీర్థయాత్ర కాదు, శిక్ష. పైగా ఆ రోడ్డు జరవా ఆదివాసులుండే అడవి గుండా వెళ్తుంది. వాళ్లేదో ప్రదర్శనలో బొమ్మలన్నట్టు కారు అద్దాల్లోంచి తొంగి చూడటానికి వెళ్లేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. ఫోటో తీస్తే కేసు కూడా పెడతారు.

కృష్ణాతీరం
అక్టోబర్ 13, సాయంత్రం 4:50

రూము విషయంలో నా మాట వినండి. రాధానగర్ వైపు తీసుకోండి. 2004లో టైమ్ పత్రిక ఆసియాలోనే మంచి బీచ్ అని రాసింది దాన్నే. పొద్దున లేచి నాలుగడుగులేస్తే ఆ ఇసుక, ఆ చెట్లు. సాయంత్రం జనం వెళ్లిపోయాక ఇంకా బాగుంటుంది.

పలాస_జీడిపప్పు
అక్టోబర్ 13, సాయంత్రం 5:22

బాగుంటుంది, కాదనను. కానీ జెట్టీ నుంచి పది పన్నెండు కిలోమీటర్లు. డైవ్ షాపులు, హోటళ్లు, మందుల షాపు అన్నీ ద్వీపానికి ఇటువైపు, గోవింద్ నగర్, విజయ్ నగర్‌లో ఉంటాయి. పొద్దున ఆరున్నరకి షాపుకి రమ్మంటే పిల్లాణ్ణి నిద్రలేపి ఆటో వెతుక్కోవాలి. రాధానగర్‌కి ఒక్క సాయంత్రం వెళ్తే సరిపోదా?

కృష్ణాతీరం
అక్టోబర్ 13, సాయంత్రం 5:40

విజయ్ నగర్ బీచ్‌లో పాటు సమయంలో నీళ్లు వంద మీటర్లు వెనక్కి పోయి రాళ్లు తేలతాయి. బీచ్ ఎదుట రూమని ఫోటో చూసి బుక్ చేస్తే, మధ్యాహ్నం దిగడానికి మోకాలి లోతు నీళ్లు కూడా ఉండవు. ఆ ముక్క కూడా చెప్పండి మరి.

పలాస_జీడిపప్పు
అక్టోబర్ 13, సాయంత్రం 5:44

చెప్పాను అనుకోండి. అయినా నా ఓటు విజయ్ నగర్‌కే.

కాకినాడ_కాజా
అక్టోబర్ 13, రాత్రి 8:30

ఇద్దరూ కొట్టుకోకండి. మేము పోయిన ఫిబ్రవరిలో విజయ్ నగర్‌లో ఉన్నాం, ఏసీ కాటేజీ రోజుకి 4,200 అయింది. పెద్దవాళ్లు ఉంటే ఫోన్ చేసి మూడు విషయాలు అడగండి: గదికి మెట్లున్నాయా, కరెంటు పోతే జనరేటర్ మీద ఏసీ నడుస్తుందా లేక ఫ్యాన్ ఒక్కటేనా, వెస్టర్న్ టాయిలెట్ గదిలోనే ఉందా. వెదురు గుడిసెలు ఫోటోలో ముద్దుగా ఉంటాయి గానీ కొన్నింటికి నాలుగైదు చెక్క మెట్లుంటాయి, పట్టుకోవడానికి ఏమీ ఉండదు. మా అత్తగారు మూడు రోజులూ నా భుజం పట్టుకునే ఎక్కారు.

బాటసారి గారూ, మీ ఆవిడకి భయంగా ఉందా? నాకు ఎంత భయమేసిందంటే, ఒడ్డు దగ్గర నడుంలోతు నీళ్లలో ప్రాక్టీసు చేయిస్తుంటేనే మౌత్‌పీస్ ఊడబీక్కుని లేచి నిలబడ్డాను. ముక్కుతో గాలి రాదు, నోటితోనే పీల్చాలి. అది మెదడుకి తెలుసు, ఒంటికి తెలియదు. తర్వాత మా ఇన్‌స్ట్రక్టర్ చెప్పింది, ఇంటి దగ్గర రోజూ పది నిమిషాలు ముక్కు మూసుకుని నోటితో నెమ్మదిగా పీల్చి వదలడం అలవాటు చేసుకుంటే సగం భయం అక్కడే పోతుందట. టీవీ చూస్తూ చేయొచ్చు. ముందే తెలిసుంటే బాగుండేది.

ఇంకోటి. లోపల ఒక పెద్ద చిలకచేప కనిపిస్తే ఆనందం పట్టలేక బొటనవేలు పైకెత్తి "సూపర్" అని చూపించాను. ఆయన నన్ను బరబరా పైకి తీసుకొచ్చేశాడు. నీళ్లలో ఆ సైగకి అర్థం "పైకి పోదాం" అని. బాగుంది అనాలంటే బొటనవేలు, చూపుడు వేలు కలిపి సున్నా చుట్టాలి. ఇది బట్టీ పట్టండి.

మీసాల_రాయుడు
అక్టోబర్ 13, రాత్రి 9:02

మీసాలుంటే మాస్క్‌లోకి నీళ్లొస్తాయంటారు, నిజమా? నాకు ఇది జీవన్మరణ సమస్య.

నీటికింద_నేను
అక్టోబర్ 13, రాత్రి 9:30

వస్తాయి రాయుడు గారూ. మాస్క్ అంచు చర్మానికి అతుక్కోవాలి, మధ్యలో వెంట్రుకలుంటే అతుక్కోదు. పూర్తిగా తీయక్కర్లేదు. ముక్కు కింద సన్నగా ఒక గీత గొరిగితే చాలు, కింద మీ రాజసం అలాగే ఉంటుంది. కొంచెం నీళ్లొచ్చినా ముక్కుతో గాలి ఊది ఎలా బయటికి పంపాలో నేర్పిస్తాం.

చెవుల గురించి ఎవరూ అడగలేదు, అసలు సమస్య అదే. తిరుమల ఘాట్ రోడ్డులో చెవులు దిబ్బడ వేస్తాయి కదా, నీళ్లలో మొదటి రెండు మూడు మీటర్లలోనే అంతకంటే గట్టిగా వేస్తాయి. ముక్కు మూసి మెల్లగా ఊదుతూ దిగాలి, ప్రతి మీటరుకీ ఊదాలి. నొప్పి వచ్చాక ఊదడం కాదు, రాకముందే ఊదాలి. జలుబు ఉంటే ఆ రోజు డైవ్ మానేయండి. "డబ్బు కట్టేశాం కదా" అని ముక్కులో మందు వేసుకుని దిగేవాళ్లున్నారు. లోపల ఉండగా మందు పని అయిపోతే పైకి వచ్చేటప్పుడు ఇంకా బాధ.

నల్లమల_నడక
అక్టోబర్ 14, ఉదయం 10:10

నాకు జరిగింది చెబుతాను, షాపు పేరు అడక్కండి. జెట్టీ దగ్గర ఒకతను పట్టుకుని 2,500కే స్కూబా అన్నాడు. అరగంట అన్నారు, నీళ్లలో ఉన్నది పన్నెండు నిమిషాలు. లోతు మా ఊరి బావంత కూడా లేదు. ఇన్‌స్ట్రక్టర్ ఒక చేత్తో నన్ను, ఇంకో చేత్తో మా తమ్ముణ్ణి పట్టుకున్నాడు. బయటికి వచ్చాక వీడియోకి వేరే డబ్బులన్నాడు. ఆరోగ్యం గురించి అడిగే ఫారం అయితే చదవనే లేదు, "సైన్ చేయండి సార్" అన్నాడంతే.

నీటికింద_నేను
అక్టోబర్ 14, రాత్రి 7:25

అలాంటివాళ్ల వల్లే మాకు చెడ్డపేరు. ఒడ్డు నుంచి దిగే డైవ్‌కి ఇప్పుడు మూడున్నర నుంచి నాలుగున్నర వేలు, పడవలో తీసుకెళ్లేదానికి ఆరేడు వేలు నడుస్తోంది. ఒక ఇన్‌స్ట్రక్టర్‌కి ఒక్కరేనా అని అడగండి. హేవ్‌లాక్‌లో మంచి షాపులన్నీ ఒకరికొకరే ఇస్తాయి, వెనక నుంచి మీ ట్యాంకు పట్టుకుని నడిపిస్తారు. నీళ్లలో ఎంతసేపో, ప్రాక్టీసుకి ఎంతసేపో విడివిడిగా అడగండి. జవాబు నసిగితే లేచి వచ్చేయండి.

బెజవాడ_బాటసారి
అక్టోబర్ 15, రాత్రి 10:48

అందరికీ చాలా చాలా థాంక్స్. ఏజెంటుకి నమస్కారం పెట్టేశాను, ఫెర్రీ టికెట్లు, రూములు నేనే చూసుకుంటాను.

ఒక్క విషయం, అడగడానికి కొంచెం మొహమాటంగా ఉంది. నాకు చిన్నప్పుడు ఉబ్బసం ఉండేది. ఇప్పుడు ఏడాదికి ఒకటి రెండుసార్లు, చలికాలంలో పిల్లికూతలొస్తాయి, ఇన్‌హేలర్ రెండు పఫ్‌లు పీల్చుకుంటే సరిపోతుంది. ఏజెంటు "ఫారంలో అన్నింటికీ నో అని టిక్ పెట్టేయండి" అన్నాడు. స్కూబా అంటే ఇంట్లో అందరికంటే నాకే పిచ్చి. ఏం చేయమంటారు?

నీటికింద_నేను
అక్టోబర్ 16, ఉదయం 6:10

అన్నా, నో అని పెట్టొద్దు. మీరు అడగడమే మంచిదైంది.

పది మీటర్ల లోతులో ఒత్తిడి పైన ఉన్నదానికి రెట్టింపు. అక్కడ ఊపిరితిత్తుల నిండా పీల్చిన గాలి పైకి వచ్చేసరికి రెండింతలు అవుతుంది. అందుకే మేము నేర్పే మొదటి సూత్రం, ఊపిరి ఎప్పుడూ బిగబట్టొద్దు. మామూలుగా ఊపిరి వదులుతూ ఉంటే ఎక్కువైన గాలి దానంతట అదే పోతుంది. పిల్లికూతలొచ్చే మనిషికి సన్న గొట్టాలు మూసుకుని, ఎక్కడో ఒక మూల గాలి చిక్కుకుంటే? మనిషి వదులుతూనే ఉంటాడు, అది మాత్రం బయటికి రాదు, అక్కడే వ్యాకోచిస్తుంది. ఊపిరితిత్తి చిరుగుతుంది. దీనికి లోతు కూడా అక్కర్లేదు, మూడు నాలుగు మీటర్లలోనే జరగొచ్చు.

అందరికీ వద్దంటారని కాదు, కొంతమందికి డాక్టర్లు ఓకే అంటారు. ఊపిరితిత్తుల డాక్టర్ దగ్గరకి వెళ్లి, డైవింగ్ కోసమని చెప్పి, ఊదే పరీక్ష చేయించుకోండి. షాపు నుంచి ఫారం ముందే తెప్పించుకుని దాని మీదే సంతకం తీసుకోండి. ఇక్కడికి వచ్చాక అయితే డాక్టర్ కోసం తిరగడానికే ఒక రోజు పోతుంది. బీపీ, షుగర్, గుండె, ఫిట్స్, ఈమధ్య ఆపరేషన్ అయినవాళ్లు, గర్భిణులు, అందరూ ఆ ఫారం ఇంట్లోనే చదవాలి.

కళింగ_కెరటం
అక్టోబర్ 16, ఉదయం 11:35

విషయం కొంచెం పక్కదారి. వైజాగ్ నుంచి ఓడలో వెళ్లినవాళ్లు ఎవరైనా ఉన్నారా? మా నాన్న ఉద్యోగంలో ఉన్నప్పుడు అలాగే వెళ్లేవారు.

అబర్డీన్_బజార్
అక్టోబర్ 16, మధ్యాహ్నం 12:20

ఉందండి, నెలకి ఒకటి చొప్పున నడుస్తుంది. రెండున్నర, మూడు రోజుల ప్రయాణం. బంక్ క్లాసులో కొంగు పరుచుకుని పడుకునే పెద్దమ్మలు, పేకాట, డెక్ మీద సూర్యోదయం. ఐదు రోజుల సెలవు ఉన్నవాళ్లకి మాత్రం కాదు, వెళ్లేసరికే సెలవు అయిపోతుంది.

బాటసారి గారికి ఇంకో మాట. జనవరిలో సముద్రం సాధారణంగా నెమ్మదిగానే ఉంటుంది. కానీ 2016 డిసెంబరులో వాయుగుండం పట్టినప్పుడు ఫెర్రీలన్నీ ఆగిపోయి హేవ్‌లాక్, నీల్‌లో వెయ్యి మందికి పైగా ఇరుక్కుపోయారు, చివరికి నేవీ ఓడలు తీసుకొచ్చాయి. అందుకే చివరి రాత్రి తప్పకుండా పోర్ట్‌బ్లెయిర్‌లో ఉండేలా చూసుకోండి. నీల్ నుంచి పొద్దున ఫెర్రీ, మధ్యాహ్నం ఫ్లైట్ లాంటి లెక్కలొద్దు. హేవ్‌లాక్‌లో ఏటీఎంలు తక్కువ, ఉన్నవాటిలో కూడా సీజన్‌లో డబ్బులుంటాయని నమ్మకం లేదు. ఫోన్‌పే సిగ్నల్ ఉన్నప్పుడే. నగదు ఇక్కడే తీసుకుని వెళ్లండి.

బెజవాడ_బాటసారి
నవంబర్ 9, రాత్రి 9:15

డాక్టర్ దగ్గరకి వెళ్లొచ్చాను. ఊదే పరీక్ష చేశారు, మందు పీల్పించి మళ్లీ ఊదించారు. రెండింటికీ తేడా బాగా ఉందట. "స్నార్కెలింగ్ (గొట్టంతో ఊపిరి పీలుస్తూ నీటి పైనే తేలి చూడటం) చేసుకోండి, స్కూబా వద్దు" అన్నారు. సంతకం పెట్టలేదు.

ఇంకేం రాయాలో తెలియడం లేదు. వాళ్లిద్దరికీ బుక్ చేశాను.

పలాస_జీడిపప్పు
నవంబర్ 9, రాత్రి 9:31

అయ్యో. సారీ అన్నా.

కాకినాడ_కాజా
నవంబర్ 9, రాత్రి 9:50

మీ ఆవిడ వెళ్తానన్నారా? ముక్కు మూసుకునే ప్రాక్టీసు మొదలుపెట్టారా?

బెజవాడ_బాటసారి
నవంబర్ 9, రాత్రి 10:02

సీరియల్ టైంలో తల్లీకొడుకులిద్దరూ బట్టలకి పెట్టే క్లిప్పులు ముక్కుకి పెట్టుకుని కూర్చుంటున్నారు. అమ్మ చూసి ఇంట్లో అందరికీ ఏదో అయిందంటోంది.

బెజవాడ_బాటసారి
2025 జనవరి 21, రాత్రి 8:05

వెళ్లొచ్చాం! అడిగిన వాళ్లందరి కోసం కాస్త పెద్దగానే రాస్తున్నాను.

11న ఫ్లైట్ గంటా నలభై నిమిషాలు లేటు. పాత ప్లాన్ ప్రకారమైతే ఫెర్రీ పోయేది. అబర్డీన్ బజార్ గారికి దండాలు. జైలు చూశాం, అమ్మ ఆ గదుల వరస చూసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. షో మాత్రం సగంలో నిద్రపోయింది.

12 పొద్దున ఫెర్రీ. ఏవోమిన్ వేసుకున్న అమ్మ, బాబు హాయిగా కూర్చున్నారు, "నాకెందుకు" అన్న నేను సంచీ పట్టుకున్నాను. విజయ్ నగర్‌లో రూము, మెట్లు లేవు, ఫోన్‌లో అడిగే తీసుకున్నాం. స్కూటీ అద్దె రోజుకి 500, కానీ నలుగురం కాబట్టి రాధానగర్‌కి ఆటోలోనే వెళ్లాం. సాయంత్రం ఐదుంబావుకే సూర్యుడు దిగిపోయాడు! మన ఆరింటి లెక్కలో వెళ్తే చీకటే మిగులుతుంది. నాలుగింటికల్లా అక్కడుండండి.

అమ్మ తిండి గురించి బెంగ పెట్టుకున్నాను. హేవ్‌లాక్‌లో స్థిరపడినవాళ్లు ఎక్కువగా బెంగాలీలు, ఎక్కడ చూసినా అన్నం, పప్పు, చేపలు. అమ్మ శాకాహారి. అన్నం, పప్పు, మేం తెచ్చుకున్న ఆవకాయతో మూడు రోజులు గడిపేసింది. హోటల్ ఆవిడ ఆవకాయ కొంచెం అడిగి పెట్టించుకుంది, రెండో రోజు పప్పుకి డబ్బులు తీసుకోలేదు.

13, భోగి. పొద్దున ఆరున్నరకి షాపు. ఇక్కడ మనవాళ్లంతా మంటలేసుకుంటుంటే మేము తడి సూట్లలోకి దూరుతున్నాం. ఆ సూటు తొడుక్కోవడమే ఒక వ్యాయామం. ఫారం ఒక్కో లైనూ చదివి వినిపించారు. ఒకరికొకరు ఇన్‌స్ట్రక్టర్లు. నెమో రీఫ్ దగ్గర ఒడ్డు నుంచే దిగడం. బాబు ఐదు నిమిషాల్లో అన్నీ నేర్చుకుని తయారు. మా ఆవిడ మొదటిసారి తల ముంచగానే లేచేసింది. రెండోసారీ అంతే. మూడోసారి ఇన్‌స్ట్రక్టర్ అమ్మాయి ఏమీ మాట్లాడకుండా తన చేతులు పట్టుకుని, ముఖం ముఖం చూసుకుంటూ, ఇద్దరూ కలిసి మెల్లగా కూర్చున్నారు. అలా ఒక నిమిషం, రెండు నిమిషాలు. ఆ తర్వాత పైకి లేవలేదు. నేరుగా వెళ్లిపోయారు.

నేను లైఫ్ జాకెట్, స్నార్కెల్‌తో షాపు కుర్రాణ్ణి తోడు పెట్టుకుని పైన తేలుతున్నాను. ఒక ఇరవై అడుగుల కింద వాళ్లిద్దరూ కనిపిస్తున్నారు. బాబు కాళ్లు ఎడాపెడా ఆడిస్తున్నాడు. మా ఆవిడ అసలు కదలకుండా, గుళ్లో ప్రదక్షిణ చేస్తున్నట్టు చేతులు కట్టుకుని పోతోంది. వాళ్లు వదిలిన బుడగలు చిన్నగా మొదలై, పైకి వచ్చేకొద్దీ పెద్దవై, నా పొట్టకి తగిలి పగులుతున్నాయి. ఆ బుడగ పెద్దదవడం చూస్తుంటే నీటికింద_నేను గారు రాసిన ఊపిరితిత్తి లెక్క అర్థమైంది. ఇన్‌హేలర్ ఒడ్డున అమ్మ సంచీలో ఉంది. ఇరవై ఎనిమిది నిమిషాలు ఉన్నారు వాళ్లు. నేను టైం చూస్తూనే ఉన్నాను.

పైకి వచ్చాక మా ఆవిడ అన్న మొదటి మాట: "మీరు కింద నుంచి తాబేలులా కనిపించారు."

14న నీల్. ముందు రోజే పున్నమి కదా, నాగాయలంకలో పుట్టిన మా అమ్మ "పున్నమి పాటుకి నీళ్లు బాగా తీస్తాయి, మధ్యాహ్నం పోదాం" అంది. సహజ వంతెన దగ్గరకి అప్పుడే వెళ్లాం, నిజంగానే రాళ్ల మధ్య గుంటల్లో నక్షత్ర చేపలు, సముద్ర దోసకాయలు. రాళ్ల మీద తను రాలేదు, ఒడ్డున కుర్చీలో కూర్చుంది. భరత్‌పూర్ బీచ్‌లో అద్దాల పడవ ఎక్కించాం, పగడాలన్నీ కూర్చున్నచోటు నుంచే చూసింది. తీరం వెంబడి కొంగు నిండా గవ్వలు ఏరింది. గవ్వలు, పగడం ముక్కలు ద్వీపం నుంచి తీసుకెళ్లకూడదు, ఎయిర్‌పోర్టులో స్కానింగ్‌లో పట్టుకుంటారు అని హోటల్ వాళ్లు చెబితే అలిగి, ఒక్కొక్కటీ మళ్లీ నీళ్లలో వేసొచ్చింది.

15 మధ్యాహ్నం పోర్ట్‌బ్లెయిర్, 16న ఇల్లు.

నీటికింద_నేను
జనవరి 22, ఉదయం 6:20

ఆ రోజు నేను పక్క షాపు బోటులోనే ఉన్నాను అన్నా, ఒడ్డున ఒక పెద్దావిడ కుర్చీలో కూర్చుని ఆవకాయ సీసా ఒళ్లో పెట్టుకుని ఉంటే ఎవరో మనవాళ్లే అనుకున్నాను.

బెజవాడ_బాటసారి
జనవరి 22, ఉదయం 7:45

ఆవిడే! ఒక్క కేక వేయాల్సింది కదండీ, సీసా ఇచ్చేసి వచ్చేవాళ్లం.

మీసాల_రాయుడు
జనవరి 22, ఉదయం 9:12

నేను మార్చిలో వెళ్తున్నాను. బాటసారి గారూ, మీ బాబుకి కళ్లద్దాలున్నాయని ఫోటోలో చూశాను. లోపల ఎలా చూశాడు?

బెజవాడ_బాటసారి
జనవరి 22, ఉదయం 9:40

పవర్ ఉన్న మాస్క్ షాపులోనే ఇచ్చారు. అన్ని చోట్లా ఉండవట, నంబరు చెప్పి ముందే అడగండి. మీసం సంగతి ఏం చేశారు?

మీసాల_రాయుడు
జనవరి 22, ఉదయం 9:52

ఇంకా ఆలోచిస్తున్నాను.